ఆరడుగులు ఒక అంగుళం

ఎవరి పిచ్చి వారికానందం అన్నారు పెద్దలు. మన హాస్టల్లోనే చూడండి. ఒకడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి దండేలు తీస్తాడు. ఇంకొకడు పాత నాణేలు పోగు చేస్తాడు. మరొకడికి పరీక్షల ముందురోజు రాత్రే క్రికెట్ మీద ప్రేమ పొంగుకొస్తుంది. ప్లాస్టిక్ విమానాలు అతికించి రంగులు వేయటం నా పిచ్చి. "ఇంజనీరింగు చదివేవాడివి, చిన్నపిల్లల బొమ్మలతో ఆటలేమిట్రా?" అని అడిగే మిత్రులందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేదు. సావనీరు సంపాదకులు వ్యాసం అడిగిందే తడవుగా ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. ఇది ఆటబొమ్మ కాదు సుమా! తాళం ఇస్తే తిరగదు, బ్యాటరీ వేస్తే ఎగరదు. దీన్ని స్కేల్ మోడల్ అంటారు. అసలు విమానంలో ఆరడుగులున్నది ఇందులో ఒక అంగుళం అవుతుంది. అంటే డెబ్బయి రెండో వంతు. 1930లలో ఇంగ్లండులో వాడుకలోకి వచ్చిన ఈ కొలత ఇప్పటికీ ప్రపంచమంతటా చెలామణిలో ఉంది. ఎయిర్‌ఫిక్స్ అనే ఇంగ్లీషు కంపెనీ ఈ కొలతలో స్పిట్‌ఫైర్ విమానం కిట్టును 1953లోనే తెచ్చింది. నేను కట్టినదీ స్పిట్‌ఫైరే. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 36 అడుగుల 10 అంగుళాలు. నాది ఆరంగుళాల పైచిల్లర. అరచేతిలో పెట్టుకుంటే రెక్కల కొసలు రెండు పక్కలా కాస్త బయటికి కనబడతాయి.

కిట్టు దుబాయి నుంచి వచ్చింది. మా కరీంనగర్ వైపు ఇంటికొకరైనా గల్ఫులో ఉంటారని మీకు తెలిసిందే. మా మామ సెలవు మీద వస్తూ అందరికీ ఖర్జూరాలు, సెంటుబుడ్లు తెచ్చి, "అల్లుడు ఇంజనీరు గదా" అని నాకు ఈ డబ్బా తెచ్చాడు. తెరిచి చూస్తే బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కొని చిన్నా పెద్దా ముక్కలు. విమానం పోలిక ఎక్కడా కనిపించలేదు. మా అమ్మ చూసి, "ఇన్ని ముక్కలైనంక పంపిండా?" అంది.

స్పిట్‌ఫైరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. దాన్ని రూపొందించిన ఆర్.జె. మిచెల్ వృత్తిరీత్యా మన సోదరుడే, ఇంజనీరు. 1936 మార్చి 5న మొదటి విమానం గాల్లోకి లేచింది. మరుసటి ఏడు జూన్‌లో, 42 ఏళ్ల వయసులో, ఆయన క్యాన్సర్‌తో పోయాడు. తన విమానం యుద్ధానికి వెళ్లటం చూడలేదు. దాని రెక్కను పైనుంచి చూస్తే కోడిగుడ్డును నిలువునా సాగదీసినట్టుంటుంది. అందం కోసం కాదది. రెక్క కొసల దగ్గర సుడులు తిరిగే గాలి వల్ల కలిగే ప్రతిఘటన తగ్గాలి. రెక్క పలచగా ఉండాలి. మళ్లీ అందులోనే నాలుగేసి మెషిన్‌గన్లు, మడిచిన చక్రాలు ఇమడాలి. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టిన సంగతి, ఆ రెక్కను వేళ్ల మధ్య పట్టుకున్నాక గాని నాకు బుర్రకెక్కలేదు.

డబ్బాలో ఇచ్చిన గుర్తులు వేరే ఏదో స్క్వాడ్రన్‌వి. నేనేమో 152వ స్క్వాడ్రన్ విమానం చేయాలని పట్టుబట్టాను. ఎందుకంటే దాని పూర్తి పేరు '152 (హైదరాబాద్) స్క్వాడ్రన్'. అవును, మన హైదరాబాదే! రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఏడవ నిజాం బ్రిటిష్ వైమానిక దళానికి ఇచ్చిన విరాళానికి గుర్తు ఆ పేరు. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా, కింద రాసిన మాటలకు అర్థం 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు'. 1940లో ఈ స్క్వాడ్రన్ ఇంగ్లండు దక్షిణ తీరంలో వార్మ్‌వెల్ అనే చోట ఉండి పోర్ట్‌లాండ్ ఓడరేవుకు కాపలా కాసింది. 1943 చివర్లో ఇండియాకు వచ్చి, తరువాత బర్మా యుద్ధంలో పాల్గొంది. హరికేన్ విమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ స్టేట్ అనే పేరుంది.

అంతకు ముందు, 1918లోనే, 110వ స్క్వాడ్రన్ విమానాలు నిజాం కానుకగా వచ్చినవి. ఆ మాట విమానాల మీద రాసి ఉండేది. వాటిలో ఒకటి ఆ ఏడు అక్టోబరులో జర్మనీలో దిగిపోయి వాళ్ల చేతికి చిక్కింది. బెర్లిన్ నుంచి పోలండు చేరి, చివరికి 1977లో లండన్ మ్యూజియానికి తిరిగొచ్చింది. దానికి బదులుగా ఇంగ్లండు వాళ్లు పోలండుకు ఇచ్చినదేమిటో తెలుసా? ఒక స్పిట్‌ఫైరు! ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇక పని సంగతి. వేసవి సెలవులు మొత్తం దీనికే సరిపోయాయి. ముందు ముక్కలను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అచ్చులో పోసేటప్పుడు పూసిన నూనె పోకపోతే రంగు పట్టదు. తరువాత పైలట్ కూర్చునే గది. దాన్ని లోపల రంగు వేసి ముందే పూర్తి చేయాలి, ఒళ్లు రెండు సగాలూ మూసుకున్నాక వేలు కాదు గదా సూది కూడా దూరదు. ఈ పనికి వాడే జిగురు మామూలు జిగురు కాదు. అది ప్లాస్టిక్‌ను కాస్త కరిగిస్తుంది, రెండు ముక్కలూ కరిగి ఒకటైపోతాయి. ఒక రకంగా వెల్డింగే. ఆరేదాకా పట్టి ఉంచటానికి మా అమ్మ బట్టలారేసే క్లిప్పులు పనికొచ్చాయి. చిన్న ముక్కలు పట్టుకోవటానికి మా వీధిలోని కంసాలి చిమటా అడిగి తెచ్చుకున్నాను. అతుకు గీత కనబడకుండా నీళ్లలో తడిపిన ఎమ్రీ కాగితంతో, గరుకు నుంచి నునుపుకు, మూడు రకాలు రుద్దాను. రెక్కల కొసలు రెండూ బల్ల నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా అని అట్టముక్క కత్తిరించి కొలిచాను. ఇదంతా వర్క్‌షాపు ప్రాక్టికల్స్‌లో చేయమంటే ఎన్ని సాకులు చెప్పేవాణ్నో!

రంగుల దగ్గర మా బాపు ప్రవేశించాడు.

మా బాపు పెయింటరు. సైన్‌బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్లు, బట్టల దుకాణాలు, సినిమా హాళ్లు, ఎన్నికలొస్తే గోడలు. ఒకప్పుడు మా బస్టాండు నుంచి టవర్ దాకా నడిస్తే సగం బోర్డులు ఆయన చేతివే ఉండేవట. నేను పుట్టిన ఏడాది రెండేళ్లకు ఊళ్లోకి ఫ్లెక్సీ మిషన్ వచ్చింది. గంటలో పని, పావు ధర. బోర్డులు పోయాయి. బండ్ల నంబరు ప్లేట్లు రాశాడు కొన్నాళ్లు. తరువాత వాటికీ అచ్చు ప్లేట్లే వచ్చాయి. అప్పటి నుంచి ఇళ్లకు రంగులేస్తున్నాడు. నా ఫీజులు ఆ రోలరు సంపాదించినవే. అక్షరాలు రాసే కుంచెలు మాత్రం గుడ్డలో చుట్టి సందూకులో పెట్టాడు. వాటి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లం కాదు.

నేను డబ్బాలు ముందేసుకొని కూర్చుంటే వెనకాల నిలబడి చూశాడు. పైభాగానికి మట్టి రంగు, దాని మీద ముదురు ఆకుపచ్చ వంకీలు. పైనుంచి చూసే శత్రువుకు నేల మీద పొలాల్లో కలిసిపోవాలని. పొట్టకు వేసే రంగు పేరు 'స్కై', అంటే ఆకాశం. మూత తీస్తే లేత పెసర రంగు. బాపు నవ్వి, "ఈల్ల ఆకాశం గిట్లుంటదా?" అన్నాడు. రంగు ఉన్నది ఉన్నట్టు వేయవద్దని, చుక్క తెలుపు కలపమని చెప్పింది ఆయనే. "పెద్ద గోడ మీది రంగు చిన్న అట్ట మీద ఏస్తే నల్లగ కొడ్తది బిడ్డా." ఇంగ్లీషు పుస్తకాలు 'స్కేల్ ఎఫెక్ట్' అని రెండు పేజీలు రాసిన సంగతి ఇదే. ఆయన గోడల మీదే నేర్చుకున్నాడు.

అసలు చిక్కు అక్షరాల దగ్గర వచ్చింది. నీళ్లలో నానబెట్టి జార్చి అంటించే గుర్తులు డబ్బాలో ఉన్నాయి గాని, నాకు కావలసిన యు, ఎం అక్షరాలు వాటిలో లేవు. 152వ స్క్వాడ్రన్ విమానాల మీద బూడిద రంగులో ఆ రెండూ, విమానానికొకటి చొప్పున మూడో అక్షరమూ ఉండేవి. నా మోడల్ మీద ఒక్కో అక్షరం సుమారు సెంటీమీటరు. విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు, కాని విమానం కంటే అక్షరాల ఖర్చే ఎక్కువయ్యేట్టుంది. మానేద్దామనుకుంటుండగా బాపు లేచి వెళ్లి సందూకు తెరిచాడు.

ఉడత వెంట్రుకల కుంచెలు అన్నేళ్లయినా మెత్తగా ఉన్నాయి, కొసలకు కొంచెం నూనె రాసి దాచాడు మరి. వాటిలో సన్నదాన్ని తీసుకొని ఇంకా సన్నం చేశాడు. గోడ మీద సుద్ద దారం కొట్టినట్టే, కుట్టుదారంతో పైనా కిందా రెండు గీతలు చూసుకున్నాడు. చెయ్యి ఆనించుకోవటానికి ఒక పెన్సిలు. కళ్లద్దాల మీద భూతద్దం. మూడో అక్షరం ఏది రాయాలని అడిగాడు. "నీ ఇష్టం బాపూ" అన్నాను. "ఎస్ రాస్త. పెయింటర్ ఎవడో ఎస్ కాడ్నే తెలుస్తది" అన్నాడు. ఒంపు రెండు పక్కలా సమానంగా కనబడాలంటే పైది కాస్త చిన్నది, కిందిది కాస్త పెద్దది రాయాలట. ఊపిరి బిగబట్టి, ఒక్కో గీత ఒక్క లాగులో, రెండు పక్కలా కలిపి ఆరు అక్షరాలు. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ మా ఇంట్లో ఫ్యాను కూడా ఆపేశాం.

కుంచె కిందపెట్టాక అడిగాడు, "ఇంతకూ ఇది ఎవని విమానం?" నిజాం విరాళం కథ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. మా ముత్తాత లెవీ కింద గింజలు కొలిచిన సంగతులు ఆయన చిన్నప్పుడు ఇంట్లో విన్నవే. "అయితే ఇండ్ల మన గింజలు గూడ ఉన్నయన్నట్టు" అన్నాడు. లెక్క ప్రకారం చూస్తే విరాళం ముందు, యుద్ధకాలం లెవీ తరువాత. అయినా ఆయన మాట తోసేయలేకపోయాను. ఖజానా సొమ్మయినా, సర్ఫెఖాస్ సొమ్మయినా, అది మొలిచింది భూమిలోంచే గదా! విమానం మీద దాత పేరు పడింది. దున్నినవాడి పేరు ఎక్కడా పడలేదు.

"యుద్ధ విమానాన్ని ఇంత ముద్దుగా చేయటమేమిటి?" అని మా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జరిగిన ఆ పోరులో బ్రిటిషు పక్షాన దాదాపు 3000 మంది వైమానికులు పాల్గొంటే, 544 మంది ఆ నాలుగు నెలల్లోనే చనిపోయారు. వారిలో చాలామంది మన ఈడు వాళ్లే. అవతలి పక్షాన పోయినవారూ ఎవరో ఒకరి బిడ్డలే. యుద్ధం మనకు దూరమనుకోవటానికీ లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. నేను చెప్పగలిగినదొక్కటే. ఆ పైలట్ గదిని చేతులారా కట్టి, అందులో మనిషికి ఎంత చోటుందో చూసినవాడు యుద్ధం గురించి తేలిగ్గా మాట్లాడడు. మన మెస్సులో కుర్చీకి ఉన్న జాగా కూడా అందులో లేదు.

సెలవుల తరువాత మోడల్‌ను డిపార్ట్‌మెంటుకు తెచ్చాను. మా సార్ ఒకరు అక్షరాల దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకొని, "ఈ స్టిక్కర్లు ఎక్కడ దొరికాయోయ్?" అన్నారు. "దొరకవు సార్, మా నాన్నగారు రాశారు" అన్నాను. ఆయన మళ్లీ వంగి చూశారు. ఈసారి చాలాసేపు చూశారు. పోయిన నెలలో మా లేబరేటరీ తలుపు మీద కొత్త బోర్డు వెలిసింది, మీరు గమనించారో లేదో. ఫ్లెక్సీ కాదది. చేత్తో రాసినది. దాని కోసం బాపు కరీంనగర్ నుంచి బస్సెక్కి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకొని, సంచిలో కుంచెలు పెట్టుకొని. డబ్బులు తీసుకోనంటే సార్ ఒప్పుకోలేదు.

అటువైపు వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ బోర్డులో 'ఎస్' ఎక్కడుందో చూడండి.

— చివరి సంవత్సరం, మెకానికల్ ఇంజనీరింగు