ఖాళీ కుర్చీలో నిలువెత్తు జ్ఞాపకం

పోయినవాళ్లకు మన ఇళ్లలో ఓ చోటుంది... గోడ! దండ వేసుకుని గోడ మీదే ఉండిపోవాల్సిన మనిషి ఓ రోజు కిందికి దిగి, పట్టుచీర కట్టుకుని సోఫాలో కూర్చుని నవ్వితే? అలాంటి బొమ్మల్ని చూసి కొందరు ఏడుస్తారు. కొందరు జడుసుకుంటారు. మరి ఆ బొమ్మల్లో ఏముంది?

బీర్కూర్‌లోనైనా, పక్కనున్న బాన్సువాడలోనైనా చాలా ఇళ్లలో గుమ్మం దాటగానే కనిపించేది పెద్దల ఫొటోలే. పండక్కి ఆ ఫొటోలకు బొట్టు పెడతారు. పెళ్లి కుదిరితే మొదటి శుభలేఖ వాటి ముందే ఉంచుతారు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా నుంచి బతుకుదెరువుకు గల్ఫ్ వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడే కన్నుమూసినవాళ్లూ ఉన్నారు. అలాంటి ఇళ్లలో కొన్నిసార్లు గోడకెక్కేది పాస్‌పోర్టు కోసం దిగిన ఫొటోనే. నవ్వు ఉండదు, చూపు ఎటో ఉంటుంది. అయినా పిల్లలకు నాయిన అంటే ఆ ముఖమే.

ఫొటో ముఖాన్ని గుర్తుచేస్తుంది. కానీ మనిషి అంటే ముఖమొక్కటే కాదు కదా! ఇంట్లో ఆయన కూర్చునే కుర్చీ ఒకటుంటుంది. ఆమె ఆనుకునే స్తంభం ఒకటుంటుంది. ఆ చోటు ఖాళీగానే మిగిలిపోతుంది.

గృహప్రవేశానికి ఇల్లాలు

కర్ణాటకలోని కొప్పళలో 2020 ఆగస్టులో ఓ గృహప్రవేశం జరిగింది. వచ్చిన చుట్టాలు హాల్లోకి అడుగుపెట్టి కొయ్యబారిపోయారు. మూడేళ్ల కిందట, 2017లో, తిరుపతి ప్రయాణంలో కారు ప్రమాదానికి గురై చనిపోయిన ఇల్లాలు ఎదురుగా సోఫాలో కూర్చుని ఉంది! గులాబీరంగు చీర, నగలు, పెదాల మీద చిరునవ్వు. ఇంత పెద్ద ఇల్లు కట్టుకోవాలన్నది ఆమె కల. ఇల్లు పూర్తయ్యేనాటికి ఆమె లేదు. దాంతో వ్యాపారి అయిన భర్త బెంగళూరు శిల్పి శ్రీధర్ మూర్తితో ఆమె బొమ్మ చేయించాడు. అందుకు దాదాపు ఏడాది పట్టింది. మైనంతో చేస్తే కొప్పళ ఎండలకు ఆగదు, రాత్రీపగలూ ఏసీ వేసి ఉంచాలి. అందుకే సిలికాన్‌ను ఎంచుకున్నారు.

2022లో వరంగల్‌లో జరిగిన ఓ పెళ్లి వీడియో కూడా ఇలాగే ఊరూవాడా తిరిగింది. కొవిడ్ కాలంలో తండ్రి పోయాడు. పెళ్లి మండపంలోకి అన్న తెప్పించిన కానుక తండ్రి మైనపు బొమ్మ. పెళ్లికూతురు దాన్ని పట్టుకుని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లూ కంటతడి పెట్టారు.

తెలుగింటి పెళ్లిలో తండ్రి లేని లోటు అందరికీ తెలిసిందే. కన్యాదానం వేళ పీటల మీద బాబాయి, పిన్ని కూర్చుంటారు, లేదంటే మేనమామ దంపతులు. తంతు ఆగదు. కానీ ఆ పీటలు అసలు ఎవరివో తల్లికీ తెలుసు, కూతురికీ తెలుసు. వరంగల్ బొమ్మ మంత్రం చదవలేదు, చేయి కలపలేదు. తండ్రి చోటు ఎవరిదో నలుగురికీ చూపించింది. ఏడిపించింది అదే.

వెంట్రుక వెంట్రుకకూ సూది

నటుడు మహేశ్‌బాబు మైనపు బొమ్మను సింగపూర్ మేడమ్ టుస్సాడ్స్ వాళ్లు 2019 మార్చి 25న హైదరాబాద్ తెచ్చి చూపించారు. బతికున్న మనిషి కాబట్టి ముక్కూ చెవులూ, వేళ్లూ గోళ్లూ అన్నీ కొలుచుకోవచ్చు. పోయినవాళ్లకు ఆ వీలు లేదు. ఉన్నవి ఫొటోలు, ఇంట్లోవాళ్ల జ్ఞాపకాలు. వాటిని పట్టుకునే శిల్పి ముందు మట్టితో రూపం చేస్తాడు. దానికి అచ్చు తీస్తాడు. అందులో చర్మం రంగు కలిపిన సిలికాన్ పోస్తాడు. ఆ తర్వాతే అసలు పని. పుట్టుమచ్చలు, నరాల నీలిఛాయ, చేతిమీది ముడతలు రంగులతో తేవాలి. కనుబొమలూ తల వెంట్రుకలూ ఒక్కొక్కటిగా సూదితో గుచ్చాలి.

ఇంతా చేశాక తీర్పు చెప్పేది ఇంటివాళ్లు. నవ్వు గీత ఓ పిసరు పక్కకు పోయినా బొమ్మ పరాయి మనిషైపోతుంది. జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే ఈ సంగతి రాశాడు. బొమ్మ మనిషిని పోలేకొద్దీ మనకు దగ్గరవుతుంది. కానీ దాదాపు మనిషే అనిపించే దశకు వచ్చేసరికి ఒక్కసారిగా ఒళ్లు జలదరిస్తుంది. నిర్మల్ కొయ్యబొమ్మను చూసి ఎవరూ భయపడరు. అది బొమ్మనని దాచుకోదు మరి!

కళ్లలోనే ఉంది కిటుకు

గుడిలో సంగతి వేరు. బీర్కూర్ మండలం తిమ్మాపూర్‌లో తెలంగాణ తిరుమలగా పేరుపడ్డ వేంకటేశ్వరాలయం ఉంది. శ్రీనివాసుడి ముందు చేతులు జోడించి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకు విగ్రహం అచ్చం మనిషిలా ఉండాల్సిన పని లేదు. ప్రతిష్ఠ వేళ నేత్రోన్మీలనం చేస్తే చాలు, రాయి స్వామి అవుతుంది. దేవుణ్ని ఎవరూ చూడలేదు కాబట్టి పోలిక అడగరు. నాన్నను అందరూ చూశారు. అందుకే ఆ బొమ్మకు పోలికే ప్రాణం.

మరి పోలిక కుదిరితే చాలా? ఆస్ట్రేలియాలో పుట్టిన శిల్పి రాన్ మ్యూక్ తండ్రి చనిపోయాక ఆయన మృతదేహాన్ని సిలికాన్‌లో మలిచాడు. 1997లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించిన ఆ ‘డెడ్ డాడ్’లో ప్రతి ముడతా నిజమే. వెంట్రుకలైతే మ్యూక్ సొంతవే. కానీ బొమ్మ పొడవు 102 సెంటీమీటర్లు, అసలు మనిషిలో మూడింట రెండొంతులకు మించదు. చూడాలంటే తల వంచాలి. ఒకప్పుడు మనం తలెత్తి చూసిన తండ్రి, కాళ్ల దగ్గర పసివాడిలా పడుకుని ఉంటాడు. పోయినవాళ్లు తిరిగొచ్చారని ఆ శిల్పం నమ్మించదు. పోయారని ఒప్పిస్తుంది.

ఇంటి బొమ్మకు ఆ పని కష్టం. అది నిలువెత్తున, నవ్వుతూ, సోఫాలోనే ఉంటుంది. బతికున్నప్పుడు నాన్న ముఖంలోకి తేరిపార చూసే బిడ్డలు ఎందరు? బొమ్మ ముందు అలా ఎంతసేపైనా చూడొచ్చు. చెప్పలేకపోయిన మాట చెప్పుకోవచ్చు. జవాబు రాదని తెలిసే చెప్పుకుంటారు. ఆ తెలివిడి ఉన్నంతకాలం బొమ్మ ఓదార్పే. అది చెదిరితే మాత్రం దుఃఖం కూడా బొమ్మలాగే కదలక మెదలక ఉండిపోతుంది.

ఇంట్లో బొమ్మ ఉందంటే దాని పని కూడా ఉంటుంది. దుమ్ము తుడవాలి, చీర మార్చాలి, జుట్టు దువ్వాలి. ఒకప్పుడు తల్లి బిడ్డకు చేసిన పనులే ఇప్పుడు బిడ్డలు తల్లి బొమ్మకు చేస్తారు. ఏటేటా వాళ్ల వయసు పెరుగుతుంది, ఆమె వయసు పెరగదు. తల్లి బొమ్మకు జడ వేస్తున్న కూతురు, ఏదో ఒక పుట్టినరోజున తల్లికంటే పెద్దదవుతుంది.