రోహిణిలో గొయ్యి, మృగశిరలో మొక్క

పిల్లలూ!

మీ ఇంగ్లీషు వాచకాలలో ఇటువంటి బొమ్మ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. వసంతకాలం వస్తుంది. తాతా మనుమడూ పారలు పట్టుకుని పెరటిలోకి వెళ్ళి, నేల తవ్వి మొక్కలు నాటుతారు. ఆ బొమ్మ చూసి, "ఉగాది వచ్చింది గదా, మనమూ ఒక మామిడి మొక్క నాటుదామా?" అని మీరు అడిగితే, మా నూజివీడులో పెద్దవాళ్ళు నవ్వుతారు. బొమ్మ అబద్ధమని కాదు. అది చలిదేశాల బొమ్మ. అక్కడ చలికాలంలో నేల గడ్డకట్టుకుని ఉంటుంది. వసంతం వచ్చాకనే పార దిగుతుంది. మనకు వసంతం రాగానే నేల ఎండడం మొదలవుతుంది. అప్పుడు నాటిన లేతమొక్క వేసవి దాటడం కష్టం. మనం నాటేది తొలకరిలో. కాని పెరడు సిద్ధం చేసుకోవలసింది మాత్రం ఎండాకాలంలోనే. అది ఎలాగో చూద్దురుగాని, నాతో రండి.

విజయవాడ నుంచి ఆగిరిపల్లి మీదుగా బస్సులో వస్తే నూజివీడు సుమారు 45 కిలోమీటర్లు. దారిలో ఎర్రనేలలు కనబడడం మొదలైందంటే తోటల సీమ వచ్చిందన్నమాట. ఏప్రిల్, మే నెలల్లో కాయల బరువుకు కొమ్మలు వంగిపోయి, చిన్నపిల్లలకు కూడా చేతికందుతూ ఉంటాయి. (అందాయి గదా అని కోయకండి. తోట కాపలావాళ్ళు ఊరుకోరు!) నూజివీడు ఒకప్పుడు జమీందారుల సంస్థానం. కృష్ణా జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఏలూరు జిల్లాలో చేర్చారు. జిల్లా మారినా రసాల రుచి మారలేదు లెండి. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, బంగినపల్లి, కలెక్టరు - ఇక్కడి పిల్లలు కళ్ళు మూసుకుని వాసన చూసి ఏది ఏదో చెప్పగలరు. మామిడి మీద పరిశోధనలు చేసే కేంద్రం కూడా ఊళ్ళో ఉంది.

ఇక పెరటిలోకి వద్దాం. ముందు రాలిన ఆకులు ఊడ్వాలి. ఊడ్చి తగలబెట్టేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఒక మూలగా కుప్పవేసి నీళ్ళు చల్లుతూ ఉంటే, కొన్ని నెలలకు ఆ ఆకులే చివికి ఎరువవుతాయి.

తరువాత గొయ్యి. పొడవు, వెడల్పు, లోతు మూడేసి అడుగులు ఉండాలి. వేసవి నేల రాయిలా ఉంటుంది కనుక ముందురోజు సాయంత్రం నాలుగు బిందెల నీళ్ళు పోసి, తెల్లవారుజామున పలుగు పట్టాలి. పైన ఒక అడుగు మట్టి ఒక పక్కకు, కింది మట్టి ఇంకొక పక్కకు పొయ్యాలి. పై మట్టిలోనే సారం ఎక్కువ. తవ్విన గోతిని మూడు నాలుగు వారాలు అలాగే ఎండకు వదిలెయ్యాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండ ఊరికే పోదు. మట్టిలో దాగిన వేరుపురుగులు, వాటి గుడ్లు, మొక్కకు తెగులు తెచ్చే బూజులు చాలావరకు మాడిపోతాయి. కాసు ఖర్చులేని మందు!

వానలు పడబోయే ముందు, పై మట్టిలో నాలుగైదు గంపల పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి గొయ్యి నింపాలి. వేపపిండి చెదలను దూరంగా ఉంచుతుంది. ఎరువు బాగా చివికినదై ఉండాలి. పచ్చిపేడ వేస్తే అది కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది, చెదలు చేరతాయి. చేతిలోకి తీసుకుంటే పేడవాసన రాకుండా, మట్టివాసన రావాలి.

"రసం తిని పారేసిన టెంక పాతితే చాలదా?" అని మీరు అడగవచ్చు. టెంక మొలుస్తుంది. కాని దానిలో తల్లి గుణంతో పాటు, ఏ చెట్టు పుప్పొడి వచ్చి పడిందో ఆ చెట్టు గుణం కూడా కలుస్తుంది. కాయ ఎలా ఉంటుందో కాచేదాకా ఎవరికీ తెలియదు. అందుకే టెంక మొక్క తలను కోసి, మంచి చెట్టు కొమ్మను దానికి అతికించి కడతారు. అదే అంటు. వేళ్ళు టెంక మొక్కవి, కాయలు కొమ్మవి. ఆ రెండూ కలిసినచోట చిన్న ముడిలా కనబడుతుంది. ఆ ముడిని గుర్తుపెట్టుకోండి. దాని మీద నాకొక కథ ఉంది.

చాలా ఏళ్ళ క్రితం మా పెరటిలో చిన్నరసం అంటు నాటాను. గొయ్యి బాగానే తవ్వాను, ఎరువు బాగానే వేశాను. కంచె మాత్రం, "మొక్క నాటాక చూద్దాంలే" అనుకున్నాను. నాటిన నాలుగో రోజున మేక వచ్చి ముడిదాకా కొరికేసింది. పది రోజులకు మోడు నుంచి ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. నా సంతోషం చెప్పలేను. అప్పుడు పరుగున వెళ్ళి తుమ్మకంప తెచ్చి కంచె వేశాను, నీళ్ళు పోశాను, ఏడేళ్ళు పెంచాను. తొలి కాపు పండగానే ఇంటిల్లిపాదినీ పిలిచి కోశాను. నోట్లో పెట్టుకుంటే పళ్ళు పులిశాయి. ఒకటే పీచు.

ఆ సాయంత్రం పక్క తోట రైతు వచ్చి చెట్టు మొదలు చూసి, "మాస్టారూ, ఇది మీ రసం కాదండీ. ముడి కింద నుంచి టెంక మొక్క లేచింది," అన్నాడు. బడిలో నల్లబల్ల మీద అంటుకట్టే బొమ్మ వేసి ఏటేటా పాఠం చెప్పినవాణ్ణి నేనే! చిగుళ్ళు ముడికి పైన వచ్చాయా, కింద వచ్చాయా అని ఒక్కసారి వంగి చూడలేదు.

కనుక మృగశిరలో రెండు మంచి వానలు పడి నేల తడిశాక, ఇలా చెయ్యండి. మొక్క ఉన్న సంచీని మట్టిగడ్డ చెదరకుండా కోసి తీసి, గోతి నడుమ నాటండి. ముడి నేలకు జానెడు ఎత్తున ఉండాలి. గాలికి ఊగకుండా కర్ర పాతి వదులుగా కట్టండి. చుట్టూ పాదు చెయ్యండి. ముడి కింద వచ్చే చిగురును ఎప్పటికప్పుడు గిల్లెయ్యండి. మొదటి మూడేళ్ళు పూత వచ్చినా తుంచెయ్యాలి. మనసొప్పదు, నిజమే. కాని బాలవృక్షం కాయలు మొయ్యలేదు.

మా పుల్లమామిడి ఇప్పటికీ ఉంది. కొట్టెయ్యడానికి మా ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. ఏటా ఆవకాయకు కాయలు దానివే. ఈ వేసవిలో దానికి ముప్పై అడుగుల దూరంలో కొత్త గొయ్యి తవ్వాను. గొయ్యి ఎండుతోంది. చుట్టూ కంచె ముందే వేశాను. లోపల మొక్క లేకుండా కంచె ఏమిటని దారినపోయేవాళ్ళు అడుగుతున్నారు.