అడుగు విధము

అడగనిదే అమ్మయినా పెట్టదని పెద్దల మాట. అడిగినను, అడుగు విధము తెలియనిదే యంత్రము పెట్టదని ఈ కాలపు విద్యార్థులమైన మేము తెలిసికొన్నాము.

స్లాక్ అను సహకార సాధనము 2014లో ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. మా కళాశాల ఉర్దూ, తెలుగు విభాగముల విద్యార్థులము సంచిక పనులను, చదువు సంగతులను అందులోనే మాట్లాడుకొనుచుంటిమి. మాటలు పెరిగిన కొలది వెనుకటి మాట దొరకుట కష్టమైనది.

ఒకనాడు మాలో ఒక మిత్రునకు ఉపకారవేతనపు దరఖాస్తుతో జతపరచవలసిన పత్రముల జాబితా కావలసివచ్చినది. గడువు మరునాడే. అది దాటినచో ఆ యేటి రుసుము భారమంతయు తండ్రి కుట్టుమిషనుపైననే పడును. ఉర్దూ విభాగపు సోదరి ఒకరు ఆ జాబితాను అందరి కొరకు వ్రాసి ఉంచిరని మాత్రము మాకు జ్ఞాపకము.

‘స్కాలర్‌షిప్’ అని వెదకగా లెక్కకు మిక్కిలి సందేశములు వచ్చినవి. మాటలను కొటేషను గుర్తుల నడుమ ఉంచినచో అదే వరుసలో ఆ మాటలున్న సందేశములే వచ్చును. పదమునకు ముందు అడ్డగీత ఉంచినచో ఆ పదమున్నవి తొలగిపోవును. ఈ రెండు ఉపాయములును మాకు అక్కరకు రాలేదు.

అంతట మాటను విడిచి మనిషిని పట్టుకొంటిమి. ‘ఫ్రమ్’ అని ఆంగ్లములో వ్రాసి, రెండు చుక్కలుంచి, ఆ సోదరి పేరు చేర్చితిమి. ‘ఇన్’ అని చర్చాస్థలమును, ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ అని తేదీలను తెలిపితిమి. కొలది సందేశములే మిగిలినవి. వాటిలో జాబితా కనబడినది. ఆమె దానిని ఉర్దూ లిపిలో ‘వజీఫా’ అను పేరుతో వ్రాసియుండిరి! ఇట్టి వెదకులాట అక్షరమును పోల్చునే గాని అర్థమును పోల్చదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అను మూడు ప్రశ్నలకు మాత్రము లిపిభేదము లేదు. మిత్రుడు ఆ రాత్రియే పత్రములన్నియు సమకూర్చుకొన్నాడు.

ఇన్ని షరతులను ఒక్కటిగా కూర్చు తర్కమునకు మూలము పాతదే. ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’ అను సంబంధములను గణితముగా మలచి జార్జి బూల్ 1854లో గ్రంథము ప్రకటించినాడు. ఆయన చెప్పులు కుట్టువాని కుమారుడు. విశ్వవిద్యాలయములో చదువకయే 1849లో ఐర్లండు దేశమందలి కార్క్ నగరపు క్వీన్స్ కళాశాలలో గణితాచార్యుడైనాడు. ఒక పేద విద్యార్థి గడువును కాపాడిన విద్య మరియొక పేదయింటి బిడ్డ ఆలోచన నుండి వచ్చినదని తెలిసినప్పుడు మా మనస్సులు నిండినవి.

స్లాక్‌ను ఉచితముగా వాడుకొనువారికి 90 దినములకు పూర్వపు సందేశములు కనబడవను నియమము 2022లో వచ్చినది. కావున ముఖ్యమైన దానిని వెంటనే వేరుగా వ్రాసి ఉంచుకొనవలెను. వ్రాయువారు ‘వజీఫా’ ప్రక్కన ‘ఉపకారవేతనము’ అనియు, ‘స్కాలర్‌షిప్’ అనియు చేర్చుట మరింత మేలు. రెండు భాషలు ఒకే కప్పు క్రింద చదువుకొను చోట, పొరుగువాడు ఏ మాటతో వెదకునో తలచి వ్రాయుటయే స్నేహము.