ఇంజన్ వేడెక్కాక

మా మొహల్లాలో ఇప్పటికీ కొందరు నన్ను 'జర్మన్ సాబ్' అనే పిలుస్తారు. బండి పోయి ఏళ్లయింది. పేరు మాత్రం మిగిలింది. ఆ కథ రాయమని దోస్తులు చాలాసార్లు అడిగారు. షరమ్‌తో రాయలేదు. మొన్న మా ఖాలా కొడుకు ఫోన్ చేసి, "భాయీ, ఏడు లక్షలకు జర్మన్ బండి దొరుకుతోంది, తీస్కోనా?" అని అడిగాడు. వాడికి ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా. వాడికి చెప్పనిది ఒకటుంది. అదీ రాస్తున్నా.

2013లో మన దేశానికి రెండు చిన్న జర్మన్ బళ్లు వచ్చాయి. మే నెలలో మెర్సిడెస్ ఏ-క్లాస్, సెప్టెంబరులో బీఎండబ్ల్యూ వన్ సిరీస్. రెండూ హ్యాచ్‌బ్యాకులే. కొత్తప్పుడు ఇరవై లక్షల పైమాటే. మన దగ్గర అంత పైసా పెట్టేవాళ్లు వెనక డిక్కీ పొడుగ్గా ఉన్న బండే కావాలంటారు. 'ఇంత పెట్టి ఈ పొట్టి బండా?' అంటారు. అందుకే ఆరేడేళ్లు తిరిగేసరికి వాటి ధర కొత్త మారుతి బండి ధర దగ్గరకొచ్చింది. నాలాంటివాళ్ల షౌక్ మేలుకునేది సరిగ్గా అక్కడే. నాది ఏ కంపెనీదో ఇక్కడ రాయను. జరిగినదాంట్లో కంపెనీ తప్పేం లేదు.

మా అబ్బా నల్గొండ డిపోలో ఆర్టీసీ డ్రైవర్. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాడు. సొంతానికి ఒక్క చేతక్ స్కూటర్ తప్ప ఏమీ కొనలేదు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన బస్సెక్కి, డ్రైవర్ సీటు పక్కన ఇంజన్ డబ్బా మీద కూర్చునేవాణ్ణి. కింద నుంచి వేడి తగులుతుంటే మజాగా ఉండేది. ఎప్పటికైనా అబ్బాను నా బండిలో, అదీ మంచి బండిలో కూర్చోబెట్టాలని అప్పటి నుంచే ఖ్వాయిష్.

2019 డిసెంబరులో ఆ మోకా వచ్చింది. అప్పుడు నేను హైదరాబాదులో ఇంటర్ పిల్లలకు ఎంసెట్ లెక్కలు చెప్పేవాణ్ణి. జీతం బాగానే ఉండేది. సెకండ్ హ్యాండ్ బళ్లమ్మే ఒక డీలర్ దగ్గర తెల్లటి బండి కనిపించింది. ఆరేళ్ల బండి, మీటరు మీద 52 వేల కిలోమీటర్లు. "పొద్దున ఎనిమిదింటికి రండి సాబ్, ట్రాఫిక్ ఉండదు, ఆరామ్‌గా నడిపి చూస్కోవచ్చు" అన్నాడు. వెళ్లాను. రెండు కిలోమీటర్లు నడిపాను. మఖ్ఖన్‌లా పోయింది. అయిదు వేలిస్తే మెషీన్ పెట్టి చెక్ చేసే మెకానిక్ వస్తాడని ఒక దోస్త్ చెప్పాడు. అయిదు వేలు దండగ అనుకున్నా. ఎనిమిది లక్షల ఇరవై అయిదు వేలకు బేరం కుదిరింది.

అంత పైసా ఎక్కడిదంటారా? మా ఇంట్లో సూద్ మాట ఎత్తనివ్వరు. బ్యాంకు లోను లేదు. చిట్టీ ఎత్తితే నాలుగున్నర లక్షలు. నేను వెనకేసింది లక్షా డెబ్బై అయిదు వేలు. ఇంకా రెండు లక్షలు తక్కువ పడ్డాయి.

ఆ రెండు లక్షలు మా ఆపావి.

ఆపా బేవా. నల్గొండలో మిషన్ కుట్టి బిడ్డను చదివించింది. బిడ్డ షాదీ కోసం అయిదేళ్లు కూడబెట్టిన పైసలు నా దగ్గర దాచింది. తన దగ్గరుంటే ఎవరో ఒకరు అడుగుతారని భయం. ఇచ్చినప్పుడు నోట్లు లెక్క కూడా పెట్టలేదు. "నీ దగ్గరుంటే నా పెట్టెలో ఉన్నట్టే" అంది. మూడు నెలల్లో తిరిగి పెట్టేస్తాను కదా, దీంట్లో ఎవరికి నుక్సాన్ అని నాకు నేనే చెప్పుకున్నా. ఎవరినీ అడగలేదు. అడిగితే 'నక్కో' అంటారని తెలుసు.

మరుసటి జుమ్మాకు నల్గొండ బయల్దేరాను. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా ఆ బండి పోయిన తీరు ఇప్పటికీ మర్చిపోలేను. రోడ్డుకు అతుక్కుని పోతుంది. తలుపేస్తే బీరువా తలుపు పడ్డట్టు బరువైన చప్పుడు. మా గల్లీ స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం కడుపు గీసుకుంది. అమ్మీకి మోకాళ్ల నొప్పులు. లోపల కూర్చుని, "ఇదేం బండిరా, చాప మీద కూసున్నట్టుంది" అంది. అబ్బా ముందు సీట్లో కూర్చుని స్టీరింగు, మీటర్లు అన్నీ చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎంత దూరం నడిపి చూసి కొన్నవ్?" అని అడిగాడు.

"రెండు కిలోమీటర్లు అబ్బా."

"అయితే ఇంజన్ వేడెక్కకముందే కొన్నవన్నమాట" అన్నాడు. అంతే. ముప్పై ఏళ్ల డ్రైవర్ మాట. నాకప్పుడు పట్టలేదు.

ఆపా వెనక సీటు మీద చెయ్యి ఆనించి చూసి, "ముబారక్ భాయీ" అంది. నేను ఆమె మొహం వైపు చూడలేదు.

జనవరిలో ఒక సాయంత్రం మెహదీపట్నం ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ఇరుక్కున్నా. బండి ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఝట్కా కొట్టింది. మీటర్లో పసుపు లైటు వెలిగింది. పొద్దున చూస్తే ఏమీ లేదు. సాయంత్రం మళ్లీ అదే. జర్మన్ బళ్లు బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గరకు తీసుకెళ్లా. స్టీరింగు కింద మెషీన్ తగిలించాడు. ఈ బళ్లు తమ బీమారీలను కోడ్ల రూపంలో దాచుకుంటాయట. ఆ కోడ్లను చెరిపేయొచ్చు. కానీ చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా మెషీన్ చూపిస్తుంది. 1,140 అని వచ్చింది. నేను కొన్నాక తిరిగింది 1,090. అంటే నాకు చూపించబోయే ముందే ఎవరో తుడిచేశారు. పొద్దున ఎనిమిదింటికి ఎందుకు రమ్మన్నాడో అప్పుడర్థమైంది.

పాత ఓనరు గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కసారీ మార్పించలేదు. నేను మార్పిస్తే 28 వేలు. ఝట్కా తగ్గింది, పోలేదు. లోపల గేర్లకు ఆయిల్ ప్రెషర్ అందించే భాగం అరిగిందన్నాడు ఉస్తాద్. కొత్తది వేయించాలంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో రెండు లక్షల అరవై వేలు. తన దగ్గరయితే లక్షా పదివేలు, కానీ గ్యారంటీ లేదు. నాకు దిమాగ్ తిరిగింది. అప్పుడు ఉస్తాద్ ఒక మాటన్నాడు: "సాబ్, బండి రేటు ఎనిమిది లక్షలకు దిగింది. సామాన్ల రేటు దిగలేదు. సామాన్లకు ఇది ఇంకా పాతిక లక్షల బండే." ఈ బళ్ల గురించి ఒక్కటే ముక్క గుర్తుపెట్టుకోవాలంటే అదే.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కాలేజీ మూసేశారు, జీతం సగమైంది. రెండు నెలలు కదలక బండి బ్యాటరీ చచ్చిపోయింది. ఆ బ్యాటరీ వేరే రకం. మార్చాక కొత్తది వేశామని బండి కంప్యూటర్‌కు కూడా చెప్పాలి. 19 వేలు. గుంతలో పడి రెండు టైర్లు ఉబ్బాయి, 24 వేలు. పేరు మార్పిడి, ఇన్సూరెన్స్ కలిపి అంతకుముందే 42 వేలు. నా లెక్కలో ఆపా పైసలు తిరిగి పెట్టాల్సిన మూడు నెలలు ఏడు నెలలయ్యాయి.

జులైలో ఆపా ఫోన్ చేసింది. బిడ్డకు రిష్తా కుదిరింది, జనవరిలో నికా. "జల్దీ ఏం లేదు భాయీ, డిసెంబరు కల్లా ఇస్తే చాలు" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బండి అమ్మడం తప్ప రాస్తా లేదు. బళ్ల దళారీ చేసే ఒక దోస్తును అడిగాను. "పొద్దున ఏడింటికి చూపించు. ముందురోజు రాత్రి కోడ్లు తుడిపించేయ్. ఆరు డెబ్బై అయిదు ఎటూ పోదు" అన్నాడు. నేను నసుగుతుంటే, "నీకమ్మినోడు చెప్పిండా? ఇయ్యాల రేపు ఎవడు చెప్తడు?" అన్నాడు. నాకు ఇంకో మంచి బహానా కూడా దొరికింది. నేను నా కోసం అమ్మట్లేదు కదా, యతీమ్ పిల్ల షాదీ కోసం కదా!

నవంబరులో నిజామాబాద్ నుంచి ఒక కుర్రాడు వాళ్ల నాన్నతో వచ్చాడు. పొద్దున ఏడింటికే. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని ఒక పక్కగా నిలబడ్డాడు. కుర్రాడు బానెట్ మీద చెయ్యి రాస్తూ బండి చుట్టూ తిరిగాడు. నేనూ అట్లాగే తిరిగి ఉంటాను. రెండు రౌండ్లు కొట్టాడు. బండి మఖ్ఖన్‌లా పోయింది. దిగి అడిగాడు, "అన్నా, ఏమన్నా ప్రాబ్లెం ఉందా?"

"ఏం లేదు తమ్ముడూ" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇరవై వేలు అడ్వాన్సు తీసుకున్నా. ఆరు లక్షల డెబ్బై వేలకు ఖాయమైంది.

వాళ్లు వెళ్లిపోయాక ఆ ఇరవై వేలు టేబుల్ మీదే పెట్టి కూర్చున్నా. నాకమ్మిన డీలర్ని పది నెలలుగా ఎన్ని తిట్లు తిట్టానో నాకే తెలుసు. ఆ తిట్లన్నీ ఇప్పుడు నా వైపు తిరిగాయి. ఆపా అమానత్ వాడుకోవడం ఒక తప్పు. దాన్ని తిరిగివ్వడానికి ఇంకొకరి బిడ్డను మోసం చేస్తే రెండో తప్పు. రెండోది చేస్తే మొదటిది మాఫీ కాదు. రెండూ మిగులుతాయి. లెక్కలు చెప్పేవాడికి ఈ లెక్క తెలియడానికి సాయంత్రం దాకా పట్టింది.

కుర్రాడికి ఫోన్ చేశాను. వాళ్లింకా సిటీలోనే ఉన్నారు. "ఇప్పుడొచ్చి మెహదీపట్నంలో నడిపి చూడు తమ్ముడూ. పొద్దున నేను నిజం చెప్పలేదు" అన్నా. వచ్చారు. నలభై నిమిషాల తర్వాత ఝట్కా వచ్చింది. లైటు వెలిగింది. ఉస్తాద్ రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టి, అడ్వాన్సు తిరిగిచ్చేశా. కుర్రాడి మొహం మాడిపోయింది. వాళ్ల నాన్నే కాగితం చదివి, "రిపేరు లక్షా పది, పైన మా ఖర్చు ఇరవై. అయిదు నలభై ఇస్త. మంచిదేనా?" అన్నాడు. ఒప్పుకున్నా. వెళ్లేటప్పుడు సలాం పెట్టాడు కానీ చెయ్యి కలపలేదు. పొద్దున చెప్పిన అబద్ధానికి అది తక్కువ సజాయే.

పదకొండు నెలల నా షౌక్‌కు అయిన ఖర్చు, అన్నీ కలిపి, దగ్గర దగ్గర నాలుగు లక్షలు.

ఆ వారమే నల్గొండ వెళ్లి ఆపా చేతిలో రెండు లక్షలు పెట్టాను. ఇన్నాళ్లూ అవి ఎక్కడున్నాయో కూడా చెప్పేశాను. ఆపా చాలాసేపు మిషన్ మీది బట్ట వైపే చూసింది. తర్వాత, "అంటే ఆ దినం నేను నా సీటు మీదనే కూసున్నా" అంది. నవ్విందో లేదో తెలియదు. ఇద్దరం నవ్వినట్టే చేశాం. తర్వాత నోట్ల కట్ట విప్పి, వేలు తడి చేసుకుంటూ, ఒక్కొక్క నోటూ లెక్కపెట్టింది. ఇచ్చినప్పుడు లెక్కపెట్టని ఆపా తీసుకునేటప్పుడు లెక్కపెట్టింది. నేనక్కడే కూర్చుని చూశాను. నాలుగు లక్షల నుక్సాన్ నాకంత బాధ కాలేదు.

నికా ఖుషీగా జరిగింది. ఆపా నాతో మామూలుగానే ఉంది. కానీ ఆ తర్వాత ఏ పైసా నా దగ్గర దాచలేదు.

ఇక ఖాలా కొడుక్కి చెప్పినవి. సెకండ్ హ్యాండ్ జర్మన్ బండి కొనడం హరామ్ కాదు, బేవకూఫీ కూడా కాదు. బండి బాగుంటే దాని నడకే వేరు. అయితే సాయంత్రం పూట, ట్రాఫిక్‌లో, కనీసం గంట నడిపి చూడు. నీ సొంత మెకానిక్‌తో మెషీన్ పెట్టించు, కోడ్లు ఎప్పుడు తుడిచారో అడుగు. ఛాసిస్ నంబరుతో సర్వీస్ చరిత్ర తీయించు, మీటరు వెనక్కి తిప్పి ఉంటే అక్కడ తెలిసిపోతుంది. కొన్ని బళ్లకు స్టెప్నీ ఉండదు, గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లుంటాయి, వాటి ధర ముందే కనుక్కో. పాత బళ్ల మీద ఆంక్షల వల్ల ఢిల్లీ నంబరు బళ్లు చౌకగా వస్తాయి. కానీ అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చౌక మిగలకపోవచ్చు. పాత ఓనరుకు లోను ఉండి ఉంటే బ్యాంకు కాగితం చూడకుండా పైసా ఇవ్వకు. సామాన్లు కంపెనీ డబ్బాలోనే కొననక్కర్లేదు. బాష్, మాలే లాంటి వాళ్లు ఆ కంపెనీలకు తయారుచేసేవే తమ సొంత డబ్బాల్లో తక్కువకు అమ్ముతారు. అన్నిటికన్నా ముందు, బండి ధర కాక ఇంకో రెండు లక్షలు పక్కన పెట్టుకుని, అవి పోయినా ఫరక్ పడదనుకుంటేనే కొను.

ఇవన్నీ వాడు బుద్ధిగా రాసుకున్నాడు. ఫోన్లో చెప్పలేకపోయింది ఇదే. తమ్ముడూ, ఇది చదువుతుంటే, ఆ ఏడు లక్షల్లో ప్రతి రూపాయీ నీదేనా అని ఒకసారి చూస్కో. కాకపోతే, ఎవరిదో వాళ్లను అడుగు. 'నక్కో' అంటారని తెలిసినా సరే, అడుగు.