మైలుతుత్తం మీద గీత

మే 6, హిందూపురం

కొత్తగా చేరిన పిల్లోడు ఉక్కు పలక మీద పెన్సిలుతో గీసుకుని డ్రిల్లింగుకు పోతున్నాడు. ఆపి కూర్చోబెట్టాను. పలకను ఎమరీతో రుద్దించి, జిడ్డు తుడిపించి, మైలుతుత్తం నీళ్లు పూయించాను. కాసేపట్లో రాగి పొర పట్టింది. స్క్రైబర్ లాగితే వెంట్రుకంత గీత తెల్లగా మెరిసింది. "ఇంకోసారి గీసేదా అన్నా?" అన్నాడు. వద్దన్నాను. రెండుసార్లు గీస్తే ఏది అసలు గీతో రేపు నాకూ తెలియదు. గీతలు కలిసిన చోట 60 డిగ్రీల మొన ఉన్న డాట్ పంచ్‌తో చిన్న చుక్క. సరిగ్గా పడిందని చూసుకున్నాకే 90 డిగ్రీల సెంటర్ పంచ్. ముందే పెద్దది కొడితే తప్పిన చుక్కను జరపడం మహా కష్టం.

మే 9

తప్పు నాదే. 100 మిల్లీమీటర్ల షాఫ్టును లేత్ మీద నుంచి దించగానే కొలిచాను, సరిగ్గా ఉంది. పొద్దున చూస్తే 0.03 తక్కువ, బేరింగు వదులు. అంత లావు ఉక్కు డిగ్రీకి మైక్రాన్ పైచిలుకు ఉబ్బుతుంది. కోత వేడి పాతిక డిగ్రీలు దాటితే అంతే లెక్క. తెలిసీ తొందరపడ్డాను.

మే 15, పెనుకొండ

ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్లు తయారవడం మొదలయ్యాక ఈ దోవలో మైక్రాన్ల మాట ఎక్కువైంది. విడిభాగాలు చేసే ఒక షాపులో కొలతల గది చూశాను. బయట నిప్పులు, లోపల 20 డిగ్రీలు. కొలతలకు ఆ వేడే ప్రమాణమని 1931లో అంతర్జాతీయ కమిటీ ఖాయం చేసింది. బల్ల నల్లరాతిది. దెబ్బ తగిలితే రాయి పెచ్చు ఊడుతుంది, ఇనుములా అంచు పైకి లేవదు. మాకు అంత గది లేదు. షాఫ్టూ మైక్రోమీటరూ ఒకే బల్ల మీద పక్కపక్కనే చల్లారితే రెండూ ఉక్కే కాబట్టి తేడా చాలావరకు పోతుంది. ఇకనుంచి అదే పద్ధతి.

మే 18, ధర్మవరం

మగ్గాల సామాను చేసే మామ దగ్గరికి పోయాను. "మూడు నూళ్ల రంధ్రం పెట్టు నాయనా" అంటాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పట్టు నేసే ఊళ్లో ఇనుమును నూలుతో కొలవడం నాకెంతో నచ్చింది. ఆయన మూలమట్టం మీద అనుమానం వచ్చింది. పలక అంచుకు ఆనించి ఒక గీత గీశాం, మట్టం బోర్లించి అదే చుక్క నుంచి ఇంకోటి. 100 మిల్లీమీటర్ల ఎత్తున గీతల మధ్య అర మిల్లీమీటరు ఎడం. అందులో సగం మట్టం తప్పు. కొత్తది కొందామంటే వినలేదు. ఆకురాయి తీసి అంచు రుద్దుతాడు, గీస్తాడు, మళ్లీ రుద్దుతాడు. రైలుకు వేళవుతుండగా రెండు గీతలూ ఒకటయ్యాయి. ఆ పలకను పిల్లోడికి చూపించాలని అడిగి తెచ్చుకున్నాను.