మెదక్‌లో చూచిన కుసులు

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ మహాదేవాలయమును దర్శించి, మా సంఘపు బల్లల నిమిత్తం ఒక వడ్రంగి దుకాణానికి వెళ్లాము. మేకులు కొట్టిన పాత బల్లలు ఊగుతున్నాయి. వాటిపై కూర్చోడానికి వృద్ధులు జంకుతున్నారు.

“మేకులెందుకయ్యగారూ, కుసులు పెడదాం” అన్నాడతడు. ప్లైవుడ్ ముక్కలతో తానే చేసుకున్న చట్రాన్ని నమూనా కాలికి బిగించాడు. చట్రపు గాడిలో రౌటరు అడుగునున్న 16 మిల్లీమీటర్ల గొట్టం కదులుతుంటే, 12 మిల్లీమీటర్ల బిట్టు బెజ్జం తవ్వింది. ఒక్కసారే లోతుకు దించడు; నాలుగైదు విడతలు. బెజ్జం కొసలు గుండ్రంగా వస్తాయి గనుక అడ్డకర్ర కుసినీ ఆకురాయితో గుండ్రం చేశాడు. చప్పుడు మాత్రం చెప్పనలవి కాదు!

నిర్గమకాండము 26లో ప్రత్యక్షపు గుడారపు పలకకు రెండేసి కుసులని చదివేవారమే గాని, చేతితో తాకి చూచింది ఇక్కడే. బిగించిన కాలిని మా సంఘపెద్ద గట్టిగా ఊపారు. కదలలేదు. పది బల్లలకు బయానా ఇచ్చాము.