విజయవాడ హైవే మీద ఇరవై తేడా

పుణెలో బయల్దేరే 65వ నంబరు జాతీయ రహదారి షోలాపూర్, జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ చేరుతుంది. హయత్‌నగర్ దాటి చౌటుప్పల్ దారి పట్టాక దాన్ని అందరూ విజయవాడ హైవే అనే అంటారు. పాత లెక్కలో అది తొమ్మిదో నంబరు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, డివైడర్ ఉన్న ఇలాంటి నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, సరుకు లారీకి 80. పంతంగి టోల్ దాటి ఖాళీ రోడ్డు కనబడగానే చాలా కార్లకు ఆ వందే కనీస వేగమవుతుంది. సిమెంటు బస్తాలతో వెళ్లే లారీ ఎత్తు తగలగానే యాభైకి దిగుతుంది. కాగితం మీది ఇరవై తేడా తారు మీద యాభై అవుతోంది. ప్రాణాలు తీసేది ఈ తేడాయే. దాన్ని తగ్గించాలంటే కారును నెమ్మదింపజేయడం తప్ప వేరే దారి లేదు.

ఎందుకంటే లారీ వేగం పరిమితి బోర్డు చేతిలో లేదు. లోడు, ఇంజిను, డీజిలు ఖర్చు దాన్ని నిర్ణయిస్తాయి. 80 దాటనివ్వని స్పీడ్ గవర్నర్‌ను చాలా రవాణా వాహనాలకు 2015లోనే తప్పనిసరి చేశారు. జగ్గయ్యపేట, కోదాడ వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి వచ్చే లోడు బళ్లు ఆ అంకె దగ్గరికి చేరేదే తక్కువ. పైగా లారీలు కుడి వరుస పట్టుకుని వదలవు. దాన్ని క్రమశిక్షణ లేకపోవడంగా తీసిపారేయడం అన్యాయం. ఎడమ అంచున రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, వెనక లైటు లేకుండా నిలిపిన బళ్లు, ఊళ్లోంచి నేరుగా హైవే మీదికి తెరుచుకునే దారులు ఉంటే ఏ డ్రైవరు ఆ అంచున పోతాడు? దాంతో వందలో వచ్చే కారు లారీని ఎడమ నుంచి దాటుతుంది. అది క్లీనర్ వైపు. స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడికి అన్నిటికంటే తక్కువ కనబడే వైపు.

తేడాయే ప్రమాదమైతే నెమ్మదిగా పోయేవాళ్లనే వేగం పెంచమనవచ్చు కదా అనే వాదన ఉంది. సగటు వేగం కంటే వేగాల మధ్య వ్యత్యాసమే ప్రాణాంతకమని అమెరికా ఆర్థికవేత్త చార్లెస్ లేవ్ 1985లోనే రాశారు. ఆ మాటలో నిజముంది. కానీ లోడు లారీని వందకు లాగలేం, లాగితే ఆపలేం. నకిరేకల్ దాటాక కొర్లపహాడ్, మూసీ వంతెన, సూర్యాపేట దాకా రోడ్డుకు రెండు పక్కలా ఊళ్లూ పొలాలూ ఉన్నాయి. ఈ పక్క ఇల్లు, ఆ పక్క చేను ఉన్న రైతు నడక గంటకు ఐదు కిలోమీటర్లు. వ్యత్యాసం లెక్కలో ఆయన కూడా ఉన్నాడు. ఆయన వేగం పెంచమని ఎవరు చెప్పగలరు?

బోర్డు మార్చితే కారు మారుతుందా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. కొంతే మారుతుంది, ఒప్పుకోవాలి. 2018 జులైలో ఫ్రాన్స్ డివైడర్ లేని గ్రామీణ రోడ్ల మీద పరిమితిని 90 నుంచి 80కి దించితే, కార్ల సగటు వేగం పది కాదు, సుమారు మూడు కిలోమీటర్లే తగ్గింది. కానీ ఆ మూడును తక్కువ చేసి చూడకూడదు. సగటు వేగం ఒక శాతం తగ్గితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు నాలుగు శాతం తగ్గుతాయని స్వీడన్ పరిశోధకుడు గోరన్ నీల్సన్ లెక్క కట్టారు. వందలో పోయే బండికి ఎనభైలో పోయే బండి కంటే గతిశక్తి 56 శాతం ఎక్కువ. కొత్త కార్లకు మంచి బ్రేకులున్నాయంటారు. కాలు బ్రేకు మీద పడేలోపే వందలో ఉన్న కారు సెకనుకు 28 మీటర్లు ముందుకు పోతుంది. ఎనభైకి బదులు వందలో పోయి మిగిల్చుకునేది రెండు వందల కిలోమీటర్లకు అరగంట.

మోటారు వాహనాల చట్టం 112వ సెక్షను కింద ప్రజల భద్రత కోసం ఒక రోడ్డుకు తక్కువ పరిమితి పెట్టే అధికారం రాష్ట్రానికి ఉంది. ఊళ్లను ఆనుకుని పోయే మేర కారుకూ 80 పెట్టి, ఆ బోర్డులు నిలపడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. అమలుకు లేజర్ గన్ ఒక్కటే చాలదు. గన్ ఉన్న చోట బ్రేకు, దాటగానే యాక్సిలేటరు. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌కు ఫాస్టాగ్ తప్పనిసరి. పంతంగిలో ఎప్పుడు దాటారో, కొర్లపహాడ్ టోల్‌లో ఎప్పుడు దాటారో అందులో నమోదవుతుంది. దూరాన్ని ఆ సమయంతో భాగిస్తే సగటు వేగం తెలిసిపోతుంది. మధ్యలో టీకి ఆగినవాడి సగటు ఇంకా తగ్గుతుంది కాబట్టి, వేగం మించనివాడు ఈ లెక్కలో చిక్కుకోడు. నిఘా అని భయపడేవాళ్ల ఆందోళన సబబే. పరిమితి మించని బండి వివరాలు వెంటనే చెరిపేయాలని నిబంధన పెట్టాలి.

ఈ రోడ్డును ఆరు వరుసలు చేయాలన్న మాట చాలాకాలంగా ఉంది. ఊరూరా సర్వీసు రోడ్డు, కింద నుంచి దాటే దారి ముందు వేయకుండా వరుసలు పెంచితే కారు మరింత వేగం పెంచుతుంది. లోడు లారీ ఎత్తు మీద అదే యాభైలో ఉంటుంది. రైతు దాటాల్సిన రోడ్డు వెడల్పు పెరుగుతుంది.